మూత్రం అన్నిసార్లు కడిగేస్తున్నా ఈ.కోలి ఎందుకు కొట్టుకుపోదు?

అడిగిన ప్రశ్న ఇదీ: "రోజుకు ఆరేడుసార్లు మూత్రానికి వెళ్తాం, అంటే మూత్రాశయం లోపలి గోడ మాటిమాటికీ కడిగినట్టే అవుతుంది. అయినా ఈ.కోలి అక్కడ నిలబడి ఇన్ఫెక్షన్ ఎలా తెస్తుంది? పుస్తకంలో 'బ్యాక్టీరియా కణానికి అతుక్కుంటుంది' అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. దేనితో అతుక్కుంటుంది? నీళ్లు బాగా తాగితే ఊడిపోదా? మాన్నోజ్ పొడి వాడమంటున్నారు, అది పనిచేస్తుందా?"

నేను చాలా ఏళ్లు ల్యాబ్‌లో చేసిన పని ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. ముందు జిగురు అనే ఊహను పక్కన పెట్టేయండి. జిగురు చెక్కకైనా కాగితానికైనా అంటుకుంటుంది, దానికి తేడా తెలియదు. బ్యాక్టీరియాకు తెలుసు. మన కణం మీద ఉన్న ఎన్నో రకాల అణువుల్లో తనకు పనికొచ్చేదాన్ని వెతికి పట్టుకుంటుంది. అందుకే దీన్ని పట్టు అనడమే నాకు సరిగ్గా అనిపిస్తుంది.

ఈ.కోలి పొడవు సుమారు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదు వందలో వంతు. దాని ఒంటి మీద రుణావేశం ఉంటుంది, మన కణం ఉపరితలం మీదా రుణావేశమే, కాబట్టి రెండూ దగ్గరికొస్తే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఒళ్లంతా గోడకు ఆనించాలంటే కష్టం, కానీ సన్నటి వెంట్రుక లాంటిది ముందుకు చాపితే ఆ నెట్టుడు దానికి పెద్దగా తగలదు. బ్యాక్టీరియా చేసేది అదే. దాని ఒంటి నిండా ఫింబ్రియే అనే ప్రొటీన్ వెంట్రుకలు ఉంటాయి, కొందరు పిలై అంటారు. ఒక్కోటి సుమారు 7 నానోమీటర్ల మందం, ఒకటి రెండు మైక్రాన్ల పొడవు. వెంట్రుక దాదాపు మొత్తం ఫిమ్ఎ అనే ఒకే ప్రొటీన్ తునకలు వందలు, వేలుగా చుట్టలు చుట్టుకుని తయారైనది, చిట్టచివరి కొసన మాత్రం ఫిమ్‌హెచ్ అనే వేరే ప్రొటీన్ ఒక్కటి ఉంటుంది. అసలు పట్టుకునేది ఆ ఒక్కటే, మిగతాదంతా దాన్ని అక్కడిదాకా మోసుకెళ్లే కర్ర.

ఫిమ్‌హెచ్‌కు ఒక చిన్న గుంట ఉంటుంది, అందులో మాన్నోజ్ అనే చక్కెర సరిగ్గా ఇమిడిపోతుంది. మూత్రాశయంలో ఆ చక్కెర పెట్టింది ఎవరంటే మనమే. మూత్రాశయం లోపలి పొరలో గొడుగు కణాలు అనే పెద్ద పెద్ద కణాలు ఉంటాయి, వాటి ఉపరితలమంతా యూరోప్లాకిన్ అనే ప్రొటీన్లు పలకలు పరిచినట్టు ఉంటాయి, మూత్రం లోపలికి ఇంకకుండా కాపాడేది అవే. వాటిలో యూరోప్లాకిన్ 1ఎ మీద మాన్నోజ్ కొసలున్న చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. అంటే మన రక్షణ కవచం మీద ఉన్న చక్కెరనే అది పిడిగా వాడుకుంటోంది.

ఇదంతా నమ్మడానికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు, ఒక గాజు స్లైడు చాలు. స్లైడు మీద గినీపిగ్ ఎర్ర రక్తకణాలు కలిపిన చుక్క ఒకటి, దాని పక్కన ఇంకోటి వేస్తాం. మొదటి చుక్కలో ఈ.కోలి ద్రవం కలిపి స్లైడును చేతిలోనే అటూ ఇటూ మెల్లగా ఊపుతుంటే, కాసేపటికి నున్నగా ఉన్న ఎర్ర చుక్క విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అవుతుంది, ఎందుకంటే బ్యాక్టీరియా తన వెంట్రుకలతో రెండు మూడు రక్తకణాలను ఒకేసారి పట్టుకుని ముద్దలు కట్టిస్తుంది. రెండో చుక్కలో ముందే కాస్త మాన్నోజ్ ద్రావణం వేసి, తర్వాత అదే బ్యాక్టీరియా కలిపి ఊపండి, ఏమీ జరగదు, చుక్క నున్నగానే ఉంటుంది. గుంటలన్నీ విడి చక్కెరతో నిండిపోయాయి, ఇక కణాన్ని పట్టుకోవడానికి ఖాళీ లేదు. ఈ విషయం 1950ల నుంచే తెలుసు, కానీ మన శరీరంలోని కణాలకు అంటుకోవడానికీ ఇదే దారి అని 1977లో తేలింది. ఆ పలుకులు మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు, కంటికి కనిపించని పట్టు అలా కళ్లెదుటే తేలుతుంది.

ఒకసారి ఒక విద్యార్థిని రాత్రంతా షేకర్‌లో కుదుపుతూ పెంచిన బ్యాక్టీరియా కల్చర్ తెచ్చి ఇదే పరీక్ష చేసింది, ఒక్క పలుకు కూడా రాలేదు. స్ట్రెయిన్ (ఆ బ్యాక్టీరియా రకం) పాడైపోయిందని టెన్షన్ పడింది. అదే స్ట్రెయిన్‌ను బ్రాత్‌లో, అంటే పోషక ద్రవంలో, కదపకుండా రెండు రోజులు పెట్టమన్నాను, తర్వాత అందులోంచి కొంచెం తీసి కొత్త బ్రాత్‌లో మళ్లీ అలాగే పెట్టమన్నాను. ఈసారి బ్రాత్ మీద పలచని మీగడ లాంటి పొర కట్టింది, స్లైడు మీద ముద్దలు కూడా వచ్చాయి. బ్యాక్టీరియా మారలేదు, స్విచ్ మారింది. ఈ.కోలి జన్యువుల్లో 314 బేస్ జతల డిఎన్‌ఎ ముక్క ఒకటి ఉంది, అది ఒక దిక్కుకు ఉంటే ఫింబ్రియే తయారవుతాయి, తిరగబడితే ఆగిపోతాయి. ఒకే గుంపులో కొన్ని కణాలకు వెంట్రుకలు ఉంటాయి, కొన్నిటికి ఉండవు. ఎప్పుడూ వెంట్రుకలు పెట్టుకుని తిరగడం దానికీ నష్టమే, ఎందుకంటే మన రక్షక కణాలు కూడా వాటి ద్వారా బ్యాక్టీరియాను దొరకబుచ్చుకోగలవు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం, ప్రవాహం సంగతి. మామూలుగా ఆలోచిస్తే లాగితే ఏ బంధమైనా త్వరగా ఊడాలి కదా. ఫిమ్‌హెచ్ విషయంలో తిరకాసు అక్కడే ఉంది. నిలకడ నీటిలో దాని పట్టు వదులు, బ్యాక్టీరియా గోడ మీద దొర్లుకుంటూ జారుకుంటూ పోతుంది. ప్రవాహం పెంచితే కొట్టుకుపోవాల్సింది పోయి, ఉన్నచోటే ఆగి గట్టిగా కరుచుకుంటుంది. 2002లో ఈ సంగతి ప్రచురితమైనప్పుడు ఈ రంగంలో ఉన్నవాళ్లకు పెద్ద మలుపే, దీన్ని క్యాచ్ బాండ్ అంటారు. ఉచ్చు ముడిని తలుచుకోండి, లాగకపోతే వదులుగా ఉంటుంది, లాగేకొద్దీ బిగుస్తుంది. ఫిమ్‌హెచ్‌లో రెండు భాగాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ఆనుకుని ఉన్నంతసేపు చక్కెర గుంట కాస్త తెరుచుకుని ఉంటుంది. వెంట్రుకను లాగగానే రెండు భాగాలు విడిపోతాయి, గుంట చక్కెర చుట్టూ మూసుకుపోతుంది.

దీనికి తోడు ఆ కర్ర సంగతి కూడా ఉంది. ఫిమ్ఎ చుట్టలు బిగుతుగా ఉన్న స్ప్రింగు లాంటివి, ఒక్కో చుట్టకు మూడు తునకల కంటే కొంచెం ఎక్కువ. ధార గట్టిగా లాగినప్పుడు చుట్టలు విప్పుకుని వెంట్రుక అసలు పొడవుకు ఎన్నో రెట్లు సాగుతుంది, ధార ఆగాక మళ్లీ చుట్టుకుపోతుంది. కుదుపు మొత్తం కొసన ఉన్న ఒక్క ఫిమ్‌హెచ్ మీద పడకుండా ఆ సాగుడే తీసుకుంటుంది. పైగా ఒక్క వెంట్రుక కాదు, పదులూ వందలూ పట్టుకుని ఉంటాయి, ఒకటి వదిలినా మిగతావి నిలబెడతాయి. కాబట్టి మూత్రం ధార దాన్ని ఊడగొట్టే చీపురు అనుకుంటున్నారు మీరు, కానీ బ్యాక్టీరియా ఆ ధారకే తగినట్టు తయారై ఉంది.

నిలకడలో పట్టు వదులుగా ఉండడం కూడా దానికి లాభమే, ఈ మాట చాలామంది వదిలేస్తారు. మూత్రంలో మన కిడ్నీలు యూరోమాడ్యులిన్ అనే ప్రొటీన్ వదులుతాయి, దాన్నే టామ్ హార్స్‌ఫాల్ ప్రొటీన్ అని కూడా అంటారు, ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలో అన్నిటికంటే ఎక్కువ ఉండే ప్రొటీన్ అదే. దాని మీదా మాన్నోజ్ గొలుసులున్నాయి. అది ఎర. బ్యాక్టీరియా దాన్ని పట్టుకుంటే మూత్రంతో పాటు బయటికి పోతుంది. ఈ ప్రొటీన్ లేకుండా చేసిన ఎలుకలకు ఇలాంటి ఈ.కోలి ఇన్ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. తేలే ఎరను పట్టుకుంటే లాగుడు ఉండదు, లాగుడు లేకపోతే ముడి బిగియదు, కాబట్టి వదిలేసి మళ్లీ గోడను వెతుక్కునే అవకాశం బ్యాక్టీరియాకు మిగులుతుంది. ఇటు మన ఏర్పాటు, అటు దాని ఏర్పాటు, రెండూ ఒకే చక్కెర చుట్టూ నడుస్తున్నాయి.

పట్టుకున్న తర్వాత కథ ఇంకా ఉంది. గొడుగు కణం ఆ బ్యాక్టీరియాను లోపలికి లాక్కుంటుంది, అది కణం లోపల చేరి గుంపుగా పెరుగుతుంది. మూత్రాశయానికి దీనికో జవాబు ఉంది, ఆ కణాలను కొన్ని గంటల్లోనే పొర నుంచి రాల్చేస్తుంది, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మూత్రం నమూనాను మైక్రోస్కోప్ కింద పెడితే ఒళ్లంతా బ్యాక్టీరియా కరుచుకుని ఉన్న పెద్ద పెద్ద కణాలు తేలుతూ కనిపించేది అందుకే. మంచి ఉపాయమే, కానీ పై పొర రాలితే కింది పొర బయటపడుతుంది, కొన్ని బ్యాక్టీరియా అక్కడికి చేరి చడీచప్పుడు లేకుండా ఉండిపోతాయి. ఇదంతా ఎక్కువగా ఎలుకల్లో చూసి తెలుసుకున్నదే అయినా, కణాల లోపల పెరిగిన గుంపులు ఇన్ఫెక్షన్ ఉన్న స్త్రీల మూత్రంలో కూడా కనిపించాయి. మందు వాడి తగ్గాక కొన్ని వారాలకు అదే స్ట్రెయిన్ మళ్లీ తిరగబెట్టడానికి ఇదొక దారి. పేగుల్లోంచి మళ్లీ కొత్తగా రావడం ఇంకో దారి.

ఇక్కడ ఒక అపోహ సరిచేయాలి. ఫిమ్‌హెచ్ ఉందంటే రోగకారి అని కాదు. మన పేగుల్లో హాయిగా బతికే ఈ.కోలిలో కూడా దాదాపు అన్నిటికీ ఆ జన్యువులు ఉంటాయి. ఏది ఎక్కడిదాకా వెళ్లగలదన్నది అది అదనంగా ఏం పట్టుకోగలదన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. కిడ్నీ దాకా ఎక్కే ఈ.కోలిలో చాలావాటికి పి ఫింబ్రియే అనే రెండో రకం వెంట్రుకలు ఉంటాయి, వాటి కొసన ఉండే పాప్‌జి ప్రొటీన్ మాన్నోజ్‌ను పట్టించుకోదు, కిడ్నీ కణాల పొరలో ఉండే రెండు గెలాక్టోజుల జంటను పట్టుకుంటుంది. అదే చక్కెర పి రక్తవర్గంలో ఎర్ర రక్తకణాల మీద కూడా ఉంటుంది, ఆ అక్షరం వచ్చింది అక్కడి నుంచే. చాలా అరుదుగా కొందరికి పుట్టుకతోనే ఆ చక్కెర ఉండదు, వాళ్ల కణాలను ఈ వెంట్రుకలు పట్టుకోలేవు.

ఈ.కోలిలోనే ఇంకో తెగ ఉంది, చిన్నపిల్లల్లో విరేచనాలు తెచ్చేది, పేరు ఇపెక్. నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికంటే అబ్బురమనిపించేది ఇదే. మిగతావన్నీ మన కణం మీద ఏముందో చూసి దాన్ని పట్టుకుంటాయి. ఇది తనకు కావలసిన పిడిని తానే తెచ్చి మన కణంలో బిగిస్తుంది. సూది లాంటి నిర్మాణం ఒకటి మన కణంలోకి గుచ్చి, దాని గుండా టిర్ అనే తన సొంత ప్రొటీన్‌ను లోపలికి పంపుతుంది. ఆ టిర్ వెళ్లి మన కణం పొరలో కూర్చుని తల బయటికి పెడుతుంది. బ్యాక్టీరియా మీద ఇంటిమిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది ఆ తలను పట్టుకుంటుంది. తాళం లేని తలుపుకు తానే తాళం బిగించి, జేబులోంచి చెవి తీసి తెరిచినట్టు. అంతకుముందు చాలాకాలం టిర్ మన కణం ప్రొటీనే అనుకున్నారు, 1997లో అది బ్యాక్టీరియాదే అని తేలింది. తర్వాత టిర్ లోపలి నుంచి మన కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులను పురమాయిస్తుంది, బ్యాక్టీరియా కింద చిన్న పీఠం లేస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మల్లో చూస్తే పేగు కణం మీద నున్నగా ఉండాల్సిన నూగు చెరిగిపోయి, ఒక్కో బ్యాక్టీరియా ఒక్కో పీట మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది.

మిగతావి క్లుప్తంగా. గనేరియా తెచ్చే బ్యాక్టీరియా వెంట్రుకను చాపి, కొసను అంటించి, మళ్లీ లోపలికి చుట్టుకుంటుంది, అలా తనను తానే కణం వైపు లాక్కుంటుంది. ఒక్క వెంట్రుక లాగే బలమే 100 పికోన్యూటన్లకు తక్కువ కాదు, అంటే ఆ బ్యాక్టీరియా బరువుకు సుమారు పది వేల రెట్లు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరై కడుపు గోడ మీద ఉండే లూయిస్ బి అనే చక్కెరను పట్టుకుంటుంది, ఆమ్లం ఎక్కువైతే ఆ పట్టు వదులుతుంది, కాబట్టి గోడ నుంచి రాలిన కణంతో పాటు కొట్టుకుపోకుండా వదిలేసి వెనక్కి రాగలదు. చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌కు నేరుగా మన కణం కూడా అవసరం లేదు, శరీరంలో పెట్టిన కృత్రిమ వాల్వు మీదో గొట్టం మీదో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ పేరుకుంటే దాన్ని పట్టుకుంటుంది. ఆ ఒక్క బంధాన్ని తెంచడానికి సుమారు 2 నానోన్యూటన్లు కావాలి, రసాయన బంధాన్ని తెంచడానికి కావలసినంత బలం దాదాపుగా.

ఆహారం ద్వారా వచ్చే లిస్టీరియా అనే బ్యాక్టీరియా గురించి మాత్రం ఒక మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పట్టు ఎంత సూక్ష్మమైనదో అది చూపిస్తుంది. లిస్టీరియా మీదుండే ఇంటర్నలిన్ ఎ అనే ప్రొటీన్ మన పేగు కణాలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. మనిషి ఇ-క్యాడ్హెరిన్‌లో 16వ స్థానంలో ప్రోలిన్ ఉంది, ఎలుకలో అదే స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉంది. అంత పెద్ద ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం తేడా, దాంతో పట్టు చిక్కదు. నోటి ద్వారా లిస్టీరియా ఇచ్చినా ఎలుకకు మనకు వచ్చినట్టు రాకపోవడానికి ముఖ్య కారణం అదే అని 1999లో తేలింది. ఎలుకలో రాలేదు కాబట్టి మనిషిలోనూ ఇంతే అనుకుంటే పొరపాటు అని నేను విద్యార్థులకు ఈ ఉదాహరణతోనే చెప్తాను.

మరి పట్టు వదిలిస్తే రోగమే రాదు కదా అంటారా? ఆ ఆలోచన సరైనదే, ఫలించిన చోటు కూడా ఉంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే పందిపిల్లలకు విరేచనాలు తెచ్చే ఈ.కోలికి కె88 అనే వెంట్రుకలు ఉంటాయి. చూడితో ఉన్న పందికి ఆ వెంట్రుకలతో చేసిన టీకా వేస్తే, ముర్రుపాల ద్వారా పిల్లలకు యాంటీబాడీలు అందుతాయి, అవి వెంట్రుకలను కప్పేస్తాయి, బ్యాక్టీరియా పేగులో నిలవలేదు. పుట్టుకతోనే పేగు కణాల మీద ఆ వెంట్రుకలు పట్టుకునే పిడి (రిసెప్టర్) లేని పందిపిల్లలకైతే ఆ జబ్బు అసలే అంటదు. మనుషుల్లో మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు, కారణం ఒక్కో బ్యాక్టీరియాకు ఒకటి కాదు, ఎన్నో రకాల చేతులు ఉండడం. కోరింత దగ్గు టీకాలో పర్టాక్టిన్ అనే అంటుకునే ప్రొటీన్ ఒక భాగం, ఇప్పుడు చాలా దేశాల్లో ఆ ప్రొటీన్‌ను తయారుచేయడమే మానేసిన స్ట్రెయిన్లు తిరుగుతున్నాయి, అయినా దగ్గు తెస్తూనే ఉన్నాయి. టీకాలోని మిగతా భాగాలు ఇంకా పనిచేస్తాయి కాబట్టి అది వృథా అని మాత్రం అనుకోకండి.

ఇక మాన్నోజ్ పొడి. స్లైడు మీద అద్భుతంగా పనిచేసింది కాబట్టి మనిషిలోనూ చేయాలని నేనూ ఆశపడ్డాను. తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే 598 మంది స్త్రీలతో బ్రిటన్‌లో చేసిన ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. ఆరు నెలలు రోజూ 2 గ్రాముల మాన్నోజ్ తీసుకున్నవాళ్లలో 51 శాతం మంది మళ్లీ ఇన్ఫెక్షన్ అనుమానంతో వైద్య సాయం కోరారు, ఉత్తుత్తి పొడి తీసుకున్నవాళ్లలో 55.7 శాతం. ఆ తేడా లెక్కలోకి రాదు. స్లైడు మీద మనం చుక్కను చక్కెరతో నింపేస్తాం, మూత్రాశయంలో అలా నింపలేం, పైగా ఒంటరి మాన్నోజ్‌ను ఫిమ్‌హెచ్ పట్టుకునేది బలహీనంగానే. మాన్నోజ్‌కు చిన్న తోక తగిలించి ల్యాబ్‌లో చేసిన అణువులు దానికంటే వందల రెట్లు గట్టిగా గుంటలో కూర్చుంటాయి, నా ఆశ వాటి మీద ఉంది, ఆ పొడి మీద డబ్బు పెట్టమని మాత్రం చెప్పను.

నీళ్ల విషయంలో జవాబు వేరు. పట్టు చిక్కిన బ్యాక్టీరియాను నీళ్లు ఊడదీయలేవు, అది పైన చూశాం. కానీ పట్టు చిక్కకముందు మూత్రంలో తేలుతున్నవాటిని బయటికి పంపేది ఆ ధారే, వాటి సంఖ్య పెరగడానికి టైమ్ ఇవ్వకపోవడం కూడా పెద్ద సంగతే. తరచూ ఇన్ఫెక్షన్ వస్తూ, రోజుకు లీటరున్నర కంటే తక్కువ తాగే 140 మంది స్త్రీలలో సగం మందిని అదనంగా ఇంకో లీటరున్నర తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది, మిగతా సగానికి 3.2 సార్లు. ఇది 2018లో వచ్చిన ఫలితం. కాబట్టి గుండె, కిడ్నీ సమస్యలతో నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పనివాళ్లు నీళ్లు పెంచండి, అది మళ్లీ రాకుండా చూసుకోవడానికి. మంట మొదలయ్యాక మాత్రం నీళ్లతోనే పోతుందని రోజులు గడపకండి, మూత్రం కల్చర్ పరీక్ష చేయించుకుని, దాన్ని బట్టి డాక్టర్ రాసిన మందు రాసినన్ని రోజులు వాడండి. చలితో జ్వరం వచ్చినా, నడుముకు ఒక పక్క పక్కటెముకల కింద నొప్పి ఉన్నా, వాంతులవుతున్నా అది కిడ్నీ దాకా ఎక్కి ఉండొచ్చు, అప్పుడు రేపటిదాకా ఆగొద్దు, ఆ రోజే డాక్టర్‌కు చూపించుకోండి.